చిన్న తెరచాప పడవ కొనేముందు దాని డిజైన్‌ను అంచనా వేయడం ఎలా?

"ఎనిమిది మీటర్ల పడవ ఒకటి చూశాం, లోపల భలే విశాలంగా ఉంది, తీసుకోవచ్చా?" ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. జెట్టీకి కట్టేసి, ఖాళీగా, నిటారుగా నిలబడ్డ పడవను చూసి అడుగుతున్నారు. మీరు వాడబోయేది మాత్రం సామాన్లతో నిండి, 20 డిగ్రీలు పక్కకు ఒరిగి, అలల మీద ఎగిరిపడే పడవను. అందుకే కింది ప్రతి అడుగులోనూ రెండే ప్రశ్నలు వేసుకోండి: బరువెక్కాక ఇది ఎలా ఉంటుంది? ఒరిగాక ఎలా ఉంటుంది?

ఈ పద్ధతి 6 నుంచి 10 మీటర్ల పొడవుండి, ఇద్దరు ముగ్గురు కొన్ని రోజులపాటు అందులోనే ఉంటూ తిరిగే ఒంటి హల్ (నీటిలో తేలే డొల్ల ఒక్కటే ఉన్న) పడవలకు. కాటమరాన్లకు (జంట హల్ పడవలకు) ఇందులోని స్థిరత్వం లెక్కలు వర్తించవు.

కావలసినవి

- 5 మీటర్ల టేపు, 1 మీటరు సన్నతాడు, దాని కొసకు కట్టడానికి ఒక నట్టు
- టార్చి, చిన్న అద్దం (చేయి పట్టని మూలలు చూడటానికి)
- ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి
- రెండు బకెట్లు, స్టాప్‌వాచ్, కాలిక్యులేటర్ (ఫోన్‌లోవి చాలు)
- నోట్‌బుక్
- మీతో పాటు ఇంకో మనిషి. కొనాలన్న ఉబలాటం లేనివారైతే మరీ మంచిది.

1. పడవ చూడకముందే మీ వాడకం రాసుకోండి

రాత్రుళ్లు ఎంతమంది పడుకుంటారు, తీరం వదిలి ఎన్ని గంటల దూరం వెళ్తారు, లంగరు వేసే చోట లోతెంత, దారిలో వంతెనలున్నాయా? ఐదారు వాక్యాలు చాలు. చూశాక రాస్తే, పడవకు తగ్గట్టు మీ అవసరాలే మారిపోతాయి. చాలామంది చేసే మొదటి తప్పు ఇదే: ఏడాదికి పది వారాంతాలు తీరం వెంట తిరిగేవారు మహాసముద్రం దాటే పడవను వెతుకుతారు. దాని బరువును మందగాలిలో ఈడ్చలేక చివరకు ఇంజిన్ మీదే తిరుగుతారు.

2. అంకెలు సేకరించండి, సరైనవే సేకరించండి

మొత్తం పొడవు, నీటిగీత (నీటిమట్టం పడవను తాకే గీత) దగ్గర పొడవు, గరిష్ఠ వెడల్పు, లోతు (పడవ నీటిలోకి ఎంత దిగుతుందో), డిస్‌ప్లేస్‌మెంట్ (అంటే పడవ మొత్తం బరువు), బ్యాలస్ట్ (పడవను నిటారుగా నిలబెట్టడానికి అడుగున పెట్టేది) బరువు, తెరచాపల వైశాల్యం రాసుకోండి. మూడు చోట్ల మోసపోతారు.

మొదటిది పొడవు. ముందు లంగరు రోలర్, వెనక నిచ్చెన కూడా కలిపి చెప్పేవారుంటారు. వేగాన్ని నిర్ణయించేది నీటిగీత పొడవు.

రెండోది బరువు. కరపత్రంలో ఉండేది సాధారణంగా ఖాళీ పడవ బరువు.

మూడోది తెరచాప. మాస్ట్ (తెరచాపల స్తంభం) వెనక దాకా సాగే పెద్ద జెనోవా (ముందు తెరచాప) వైశాల్యాన్ని కలిపేస్తే మందకొడి పడవ కూడా కాగితం మీద రేసు గుర్రమే. మీరే లెక్క కట్టండి. ముందు త్రికోణం: డెక్ (పడవ పైతలం) నుంచి ఫోర్‌స్టే (ముక్కు నుంచి మాస్ట్‌కు బిగించిన తీగ) తగిలే చోటికి ఎత్తు × ఫోర్‌స్టే అడుగు నుంచి మాస్ట్‌కు దూరం ÷ 2. మెయిన్ (మాస్ట్ వెనక ఉండే పెద్ద తెరచాప): నిలువు అంచు × అడుగు అంచు ÷ 2. రెండూ కలపండి, అంతే.

3. ఐదు లెక్కలు వేయండి

ఉదాహరణకు ఒక ఊహా పడవ: మొత్తం పొడవు 8.2 మీటర్లు, నీటిగీత 6.9, వెడల్పు 2.75, ఖాళీ బరువు 3,000 కిలోలు, బ్యాలస్ట్ 1,150 కిలోలు. ముందు త్రికోణం 10.6 × 3.3 ÷ 2, మెయిన్ 9.4 × 3.3 ÷ 2, కలిపి 33 చదరపు మీటర్లు.

*హల్ వేగం.* పడవ సాధారణంగా దాటలేని వేగం ఇది. నీటిగీత పొడవు (మీటర్లలో) వర్గమూలం × 2.43. మన పడవకు సుమారు 6.4 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్రమైలు). ప్రయాణ పథకం వేసుకునేటప్పుడు దీన్ని సగటు వేగం అనుకోకండి. ఎదురుగాలిలో 4 నాట్లు వచ్చినా సంతోషించాలి.

*బరువు–పొడవు నిష్పత్తి.* బరువు (కిలోలు) ÷ నీటిగీత పొడవు ఘనం × 27.87. మన పడవకు 3,000 ÷ 328.5 × 27.87, అంటే సుమారు 255. 200 లోపు తేలిక, 200–300 మధ్యస్థం, 300 దాటితే బరువైనది. తేలిక పడవ చురుగ్గా ఉంటుంది కానీ సామాను మోయమంటే మొరాయిస్తుంది. చిన్న పడవల్లో ఈ అంకె సహజంగానే కాస్త ఎక్కువ వస్తుంది, ఎందుకంటే పడవ చిన్నదైనా అందులో ఎక్కే మనిషి చిన్నవాడు కాడు.

*తెరచాప–బరువు నిష్పత్తి.* బరువును 1,025తో భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది: 2.927 ఘనపు మీటర్లు. దాని ఘనమూలాన్ని వర్గం చేయండి: 2.046. తెరచాప వైశాల్యాన్ని దానితో భాగించండి: 33 ÷ 2.046 = 16.1. క్రూజింగ్ పడవకు 15–18 మామూలు. 14 కన్నా తగ్గితే మందగాలిలో ఇంజినే దిక్కు. 20 దాటితే తరచూ రీఫ్ చేసే (తెరచాపను కుదించే) ఓపిక ఉండాలి. ఇందాక అన్న జెనోవా కిటుకు వాడి ముందు త్రికోణాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే ఇదే పడవకు 20.4 వస్తుంది. కరపత్రంలోని అంకెను ఎందుకు నమ్మకూడదో చూశారుగా.

*బ్యాలస్ట్ నిష్పత్తి.* 1,150 ÷ 3,000 = 38 శాతం. 30–40 మధ్య సాధారణం. కానీ బరువెంత అన్నదాని కన్నా అది ఎంత కింద ఉందన్నది ముఖ్యం. లోతైన కీల్ (హల్ కింద నీటిలోకి దిగే రెక్క) అడుగున బల్బులో (ఉబ్బెత్తు ముద్దలో) ఉన్న 30 శాతం, లోతులేని కీల్ అంతటా పరచిన 40 శాతం కన్నా బాగా నిలబెట్టగలదు.

*బోల్తా సూచిక.* వెడల్పు ÷ ఘనపరిమాణపు ఘనమూలం: 2.75 ÷ 1.43 = 1.92. 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల రేసులో తుపాను పడవలను బోల్తాకొట్టించి ప్రాణాలు తీశాక వాడుకలోకి వచ్చిన లెక్క ఇది. 2 కన్నా తక్కువుంటే దూరప్రయాణానికి పరిశీలించవచ్చు. దీని లోపం పెద్దది: బరువు ఎక్కడుందో దీనికి తెలియదు. ఆ బ్యాలస్ట్ మొత్తం మాస్ట్ కొసన కట్టినా ఇదే 1.92 వస్తుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని చేయండి. సామాను కలిపి మళ్లీ లెక్కించండి. ఇద్దరు మనుషులు, నీళ్లు, ఇంధనం, లంగరు, గొలుసు (8 మిల్లీమీటర్లది మీటరుకు సుమారు 1.4 కిలోలు), తిండి, బట్టలు, పనిముట్లు, రబ్బరు డింగీ (చిన్న పడవ) అన్నీ కూడితే 600 కిలోలు సులువుగా అవుతాయి. 3,600 కిలోల దగ్గర మన పడవ తెరచాప నిష్పత్తి 16.1 నుంచి 14.3కు జారిపోతుంది, బ్యాలస్ట్ నిష్పత్తి 32 శాతానికి దిగుతుంది. బోల్తా సూచిక మాత్రం 1.81కి తగ్గి, పడవ మరింత భద్రమైనట్టు కనిపిస్తుంది! ఆ సామానంతా డెక్ మీద కడితే నిజంగా జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. ఒక్క అంకెను పట్టుకుని పడవను మెచ్చుకోకూడదనేది ఇందుకే.

ఎంత మునుగుతుందో కూడా చూడండి: నీటిగీత పొడవు × నీటిగీత దగ్గర వెడల్పు × 0.66 × 10.25. వచ్చేది పడవను 1 సెంటీమీటరు ముంచే బరువు, కిలోల్లో. మన పడవకు నీటిగీత వెడల్పు 2.3 మీటర్లనుకుంటే 107 కిలోలు, అంటే 600 కిలోలకు 5.6 సెం.మీ. కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే గుంట) నేల నీటికి 10 సెం.మీ. ఎత్తులోనే ఉన్న పడవకు ఇది చిన్న విషయం కాదు.

పడవకు యూరప్ సీఈ ప్లేటు (యూరప్ ప్రమాణాల గుర్తు) ఉంటే దాన్ని ఫొటో తీసుకోండి. 'ఏ' (A) తరగతి అంటే బోఫోర్ట్ (గాలి బలాన్ని కొలిచే స్కేలు) 8 దాటిన గాలి, 4 మీటర్లు దాటిన అలలకు. బీ అంటే 8 వరకు గాలి, 4 మీటర్ల వరకు అలలకు. సీ అంటే 6 వరకు, 2 మీటర్ల వరకు. ప్లేటు మీద మనుషుల సంఖ్య, గరిష్ఠ భారం కూడా ఉంటాయి. తరగతి అక్షరం ఒక్కటే చదివి ఆ భారం చదవకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. స్థిరత్వ వక్రరేఖ దొరికితే అడిగి తీసుకోండి. ఎన్ని డిగ్రీలు ఒరిగాక పడవ తనంతట తాను లేవలేదో అందులో ఉంటుంది. తీరానికి దూరంగా వెళ్లేవారు 120 డిగ్రీలు, ఆపైన ఉన్నదాన్ని కోరుకోవాలి.

4. నీటి నుంచి పైకి తీసినప్పుడు: కీల్, చుక్కాని

ఫిన్ కీల్ (పొట్టి, లోతైన రెక్క) ఎదురుగాలికి బాగా ఎక్కుతుంది, ఇరుకులో చకచకా తిరుగుతుంది. పొడవాటి పూర్తి కీల్ దారి తప్పకుండా పోతుంది, చుక్కానికి రక్షణ ఇస్తుంది, రివర్సులో మాత్రం మాట వినదు. జంట కీల్‌లు ఆటుకు నీరు తీసినచోట పడవను నిటారుగా కూర్చోబెడతాయి, ఎదురుగాలిలో కొంత వెనకబడతాయి. ఎత్తే కీల్ లోతులేని నీటికి వరం, కానీ దాని పెట్టె కేబిన్ నడిమధ్య చోటు తినేస్తుంది. ఎత్తే తాడో తీగో ఎక్కడ అరుగుతుందో, దాన్ని మార్చాలంటే పడవను పైకి తీయాలో లేదో కనుక్కోండి.

బోల్టులతో బిగించిన కీల్ అయితే, హల్‌తో కలిసే అతుకు ముందు అంచున నవ్వుతున్న నోరులాంటి పగులు ఉందేమో చూడండి. ఉంటే లోపల కీల్ బోల్టుల చుట్టూ తుప్పు నీరు, కీల్ వెనక అంచుకు పైన హల్ లోపలి పక్కటెముకల్లో పగుళ్లు వెతకండి. నేలను ఢీకొన్న పడవలో దెబ్బ తరచుగా వెనకవైపే బయటపడుతుంది.

చుక్కాని అడుగు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే బేరింగ్ అరిగింది. వేలాడే స్పేడ్ చుక్కాని చేతికి తేలిక, దుంగ తగిలితే వంగేదీ అదే. వెనక పలకకు బిగించిన చుక్కాని అందంగా లేకపోవచ్చు, కానీ చూడటం తేలిక, విప్పడం తేలిక. చిన్న పడవకు అదే మేలని నా అభిప్రాయం.

5. డెక్, కాక్‌పిట్: ఇక్కడే ఎక్కువ సేపు గడపండి

మీ ప్రయాణంలో మెలకువగా ఉండే సమయమంతా దాదాపు కాక్‌పిట్‌లోనే. కూర్చుని చూడండి, కొలవండి:

- సీటు పొడవు: పడుకునేందుకు 1.9–2 మీటర్లు.
- ఎదురెదురు సీట్ల మధ్య దూరం: 60–65 సెం.మీ. పడవ ఒరిగినప్పుడు ఎదుటి సీటుకు కాళ్లు తన్నిపెట్టగలగాలి. జెట్టీ మీద విశాలంగా అనిపించే కాక్‌పిట్‌లో సరిగ్గా ఇదే కుదరదు.
- సీటు వెనక ఆనుకునే ఎత్తు: 30 సెం.మీ.కు తగ్గితే నడుం నొప్పి ఖాయం.
- చూపు: టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) పట్టుకుని కూర్చుంటే కేబిన్ పైకప్పు మీదుగా ముందు నీరు కనిపించాలి.
- వించ్ (తాళ్లు బిగించే చక్రం) హ్యాండిల్: పూర్తి చుట్టు తిప్పండి. వేళ్లు లైఫ్‌లైన్‌కో (డెక్ అంచున ఉండే రక్షణ తీగ) పందిరికో తగలకూడదు.

నీరు బయటికి పోయే సంగతి తేల్చుకోండి. 2 మీటర్ల పొడవు, 0.6 వెడల్పు, 0.4 లోతున్న గుంట నిండితే దాదాపు 490 కిలోల నీరు పడవ వెనక కూర్చుంటుంది. గొట్టాలు కనీసం రెండు, ఒక్కొక్కటి 25 మి.మీ.కు తగ్గకుండా ఉండాలి, 38 మి.మీ. ఉంటే నిశ్చింత. పరీక్ష: యజమాని అనుమతితో గొట్టాల నోళ్లు గుడ్డతో మూసి, బకెట్లతో 100 లీటర్లు పోసి, గుడ్డ లాగి సమయం చూడండి. 100 లీటర్లకే నిమిషం దాటితే నిండు గుంట ఖాళీ కావడానికి ఐదు నిమిషాల దాకా పట్టవచ్చు. జల్లెడ మూతలుంటే అవి తీసి మళ్లీ చూడండి, తరచుగా దొంగ అక్కడే దొరుకుతుంది.

కేబిన్ ద్వారం గడప కాక్‌పిట్ సీటు ఎత్తుకు తగ్గకూడదు. కాక్‌పిట్ నేల దాకా దిగిన ద్వారం రాకపోకలకు హాయి, కానీ అల వచ్చి పడితే నీరు నేరుగా పడకల మీదికే. ఇప్పటికే అలాంటి పడవ ఉంటే ప్రయాణంలో కింది పలకను ఎప్పుడూ తీయకండి. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పలకలు కొద్దిగా లేచినా ఊడిపోతాయి కాబట్టి, లోపలినుంచీ బయటినుంచీ వేయగల గొళ్లెం ఉండాలి.

పక్క డెక్ మీద ముక్కు దాకా నడిచి రండి. 30 సెం.మీ. వెడల్పుకు తక్కువైతే కాలు అడ్డంగా వేయాల్సి వస్తుంది. లైఫ్‌లైన్ 60 సెం.మీ. ఎత్తుండాలి, మోకాలి ఎత్తుది మనిషిని ఆపకపోగా బయటికి బోర్లా పడేస్తుంది. నడుస్తూ ప్లాస్టిక్ సుత్తితో డెక్ తట్టండి. గట్టి టక్ మంచిది, మెత్తటి థప్ వస్తే లోపలి చెక్క కుళ్లి ఉండవచ్చు, ముఖ్యంగా స్టాంషన్ల (లైఫ్‌లైన్‌ను నిలిపే కడ్డీలు), క్లీట్ల (తాళ్లు కట్టే కొమ్ములు) చుట్టూ. లంగరు రోలర్ కింద, క్లీట్ల కింద లోపల ప్లేట్లున్నాయో లేదో అద్దంతో చూడండి.

6. మాస్ట్, తెరచాపలు

చిన్న పడవకు ఒకే మాస్ట్ స్లూప్ చాలు. రెండు మాస్ట్‌ల కెచ్ ఈ పొడవులో తాళ్ల గందరగోళం తప్ప పెద్దగా ఏమీ ఇవ్వదు. డెక్ మీద నిలబెట్టిన మాస్ట్ దించుకోవడం సులువు, కానీ దాని కింద లోపల గట్టి స్తంభం ఉండాలి. మాస్ట్ చుట్టూ డెక్ పళ్లెంలా కుంగిందేమో స్కేలు పెట్టి చూడండి, కేబిన్ తలుపు ఆ పరిసరాల్లో బిగుసుకుపోతుంటే అనుమానించండి. స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో అడగండి. 10–15 ఏళ్లు దాటితే కొత్తవాటి ఖర్చు ధరలో కలుపుకోండి. రీఫ్ చేయడానికి మాస్ట్ దగ్గరికి వెళ్లాలా, కాక్‌పిట్ నుంచే కుదురుతుందా? ఏదైనా ఫరవాలేదు, మీరొక్కరే ఐదు నిమిషాల్లో చేయగలగాలి.

7. లోపల: పడుకోండి, వండినట్టు నటించండి

ముందు తాడు కిటుకు. 1 మీటరు తాడుకు నట్టు కట్టి కేబిన్ కప్పునుంచి వేలాడదీయండి. బిగువు వదలకుండా నట్టును పక్కకు 34 సెం.మీ. లాగి పట్టుకోండి. ఆ తాడు చూపేదే 20 డిగ్రీలు ఒరిగిన పడవలో 'నిలువు'. ఇప్పుడు అలమరలు, పొయ్యి, పడకలు చూడండి: ఏవి ఒలుకుతాయి, ఏవి దొర్లుతాయి, మీరెక్కడ పడతారు?

పడకలు లెక్కపెట్టకండి, ఒరిగిన పడవలో నిద్రపోగలిగినవి లెక్కపెట్టండి. పొడవు 1.95–2 మీటర్లు, భుజాల దగ్గర 55–60 సెం.మీ. మరీ వెడల్పైతే రాత్రంతా దొర్లుతూనే ఉంటారు. పడవ నడుముకు దగ్గరగా, పొడవు వెంబడి ఉన్నవే సముద్రంలో పనికొస్తాయి. ముక్కులోని వీ ఆకారపు పడక లంగరు వేశాక నిద్రకు సరే, అలల్లో ఎగరేసి పడేస్తుంది. జారకుండా కట్టే గుడ్డకు కొక్కేలు గట్టిగా ఉండాలి. 'ఆరుగురికి పడకలు' అన్న ఏడు మీటర్ల పడవలో ఇలా వడపోస్తే తరచుగా రెండే మిగులుతాయి.

7 మీటర్ల పడవలో నిటారుగా నిలబడే ఎత్తు అడిగితే, డిజైనర్ దాన్ని ఎత్తైన పక్కలతోనో, ఎత్తైన పైకప్పుతోనో తెచ్చిస్తాడు. ఆ ఎత్తే గాలికి దొరికి, జెట్టీ దగ్గర పడవను పక్కకు నెడుతుంది. తల తగలకుండా కూర్చోగలగడం (దిండు మీంచి 90–95 సెం.మీ.) చాలనుకుంటే మీ ఎంపిక చాలా పెరుగుతుంది.

వంటచోట సింకు పడవ మధ్యగీతకు దగ్గరగా ఉండాలి, లేకపోతే ఒక వైపు ఒరిగినప్పుడు సముద్రమే సింకులోకి వస్తుంది. పొయ్యి రెండు వైపులా కనీసం 20–25 డిగ్రీలు ఊగాలి. చేత్తో ఊపి చూడండి, వెనక గోడకు తగులుతుందేమో. గ్యాసు గాలికన్నా బరువైనది, కిందికి దిగి పడవ అడుగున పేరుకుంటుంది. సిలిండర్ పెట్టె లోపలికి గాలి చొరనిదై, దాని అడుగునుంచి నేరుగా బయటికి గొట్టం ఉండాలి. ఇది లేని పడవను అది సరిచేసేదాకా గ్యాసుతో వాడకండి, ఇందులో రాజీ లేదు.

ఆఖరున కళ్లు మూసుకుని మెట్ల దగ్గరినుంచి ముక్కు దాకా నడవండి. ప్రతి అడుగుకూ చేతికి ఏదో ఒక పట్టు దొరకాలి. దొరకని చోటు నోట్‌బుక్‌లో గుర్తు పెట్టండి.

8. ఇంజిన్, ట్యాంకులు, వాల్వులు

టన్నుకు 3–4 హార్స్‌పవర్ చాలు. అంతకన్నా ముఖ్యం చేయి పట్టడం. ఆయిల్ పుల్ల, ఫిల్టర్లు, నీటి పంపు ఇంపెల్లర్ (లోపలి రెక్కల చక్రం), షాఫ్ట్ గ్లాండ్ (ప్రొపెల్లర్ కడ్డీ హల్ దాటేచోట నీరు చొరనివ్వని అమరిక): నాలుగింటినీ ముట్టుకోండి. ఏదైనా అందుకోవడానికి ఐదు నిమిషాల కన్నా ఎక్కువ పడితే సముద్రంలో అందుకోరు. వెనక పలకకు తగిలించిన అవుట్‌బోర్డ్ చౌక, తేలిక. అలల్లో పడవ ముక్కు దించినప్పుడల్లా దాని ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల నీరు వేసుకోండి. ఇద్దరికి వారానికి 56, పైన మూడో వంతు నిల్వ. నీటిగీతకు దిగువన హల్‌కున్న ప్రతి రంధ్రానికీ తిరిగే వాల్వు ఉండాలి. ప్రతిదాన్నీ తిప్పి చూడండి.

9. నీటిలో నడిపి చూడండి

12–15 నాట్ల గాలి ఉన్న రోజు ఎంచుకోండి. నాలుగు నాట్ల పిల్లగాలిలో ప్రతి పడవా పెద్దమనిషే.

కదలకముందు జెట్టీ దగ్గర పడవను పక్కలకు ఊపి, వదిలేసి, పది ఊపులకు పట్టే సమయం రాయండి. చురుగ్గా వెనక్కి లేస్తే గట్టిది; ఒరిగిన చోట ఆగి ఆలోచించుకుని లేస్తే త్వరగా ఒరిగే రకం. సామాను ఎక్కించాక మళ్లీ ఊపండి. సమయం బాగా పెరిగిందంటే మీ సామాను మరీ పైన ఉంది.

ఎదురుగాలికి దగ్గరగా నడుపుతూ టిల్లర్ కోణం చూడండి. గాలివైపు తిరగాలని 3–5 డిగ్రీలు లాగితే మంచిదే. వదిలేస్తే పడవ తనే గాలిలోకి తిరిగి ఆగుతుంది. చెయ్యి నొప్పెట్టేలా లాగుతుంటే వెంటనే డిజైన్‌ను తిట్టకండి. ముందు మెయిన్ రీఫ్ చేయండి, తెరచాప సాగి సంచిలా అయిందేమో చూడండి, మాస్ట్ వెనక్కి మరీ వాలిందేమో చూడండి. ఈ మూడూ సరిగా ఉన్నా తగ్గకపోతే అప్పుడు పడవ గుణం. వదిలేస్తే గాలికి దూరంగా తిరిగిపోయే పడవ మాత్రం ప్రమాదకరం.

ఇంకా చూడాల్సినవి: రెండు ట్యాక్‌ల (ఎదురుగాలికి ఎడమ, కుడి వైపులకు వెళ్లే దారుల) మధ్య దిక్సూచి తేడా (90–100 డిగ్రీలు క్రూజింగ్ పడవకు చాలు), జిబ్‌ను (ముందు తెరచాపను) ఎదురువైపు బిగించి, టిల్లర్‌ను ఒరిగిన వైపుకు కట్టేస్తే పడవ నెమ్మదించి కుదురుగా నిలుస్తుందా, ఇంజిన్ రివర్సులో వెనక భాగం ఎటు జరుగుతుంది. 12 నాట్లకే రీఫ్ అడిగితే రాసుకోండి.

10. తీర్పు సరిచూసుకోవడం

మీరూ, మీతో వచ్చినవారూ విడివిడిగా మార్కులు వేసి పోల్చండి. తేడా ఎక్కువున్న చోటికే తిరిగి వెళ్లండి. అంకెలకూ అనుభవానికీ పొత్తు కుదరకపోతే, ఉదాహరణకు 16 నిష్పత్తి ఉన్న పడవ మందగాలిలో కదలకపోతే, అడుగున నాచు, పాత తెరచాపలు, చెప్పని బరువు వరసగా అనుమానించండి. క్రేన్ తూకం దొరికితే అసలు బరువు తెలిసిపోతుంది. దానితో మూడో అడుగులోని లెక్కలన్నీ మళ్లీ వేయండి.

లోపాలను రెండుగా విడదీయండి. క్లీట్ కింద ప్లేటు, గడప పలక, పట్టుకునే కడ్డీలు, కాక్‌పిట్ గొట్టాలు మార్చుకోగలిగినవి. హల్ ఆకారం, బ్యాలస్ట్ ఉన్న చోటు, సీట్ల మధ్య దూరం మార్చలేనివి. మొదటి జాబితా ఎంత పొడుగున్నా ధర తగ్గించమని బేరమాడవచ్చు. రెండో జాబితాలో ఉన్నవాటిని మొదటి అడుగులో మీరు రాసుకున్న వాక్యాల పక్కన పెట్టండి. వాటిలో ఒక్కటి మీ వాడకానికి అడ్డొచ్చినా ఇంకో పడవ చూడండి.